మలక్‌పేట గుర్రప్పందేలు: ఓరుగల్లు నుంచి వెళ్లే దోస్తులకు ఒక రోజు లెక్క

ముందుగా ఒక లెక్క. 1200 మీటర్ల పందెం ఒక మోస్తరు మంచి గుర్రానికి 72 నుంచి 75 సెకన్ల పని. రోజుకు ఏడెనిమిది రేసులుంటాయి. పొడుగు దూరాలు కలుపుకున్నా మొత్తం పరుగు పది పన్నెండు నిమిషాలు దాటదు. మీరు మాత్రం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా నాలుగు గంటలు అక్కడే ఉంటారు. అందుకే ఈ రివ్యూలో మెచ్చుకోలైనా, చివాట్లైనా ఎక్కువ భాగం రెండు పరుగుల నడిమి అరగంటకే. ఆ అరగంటను వాడుకోవడం తెలిసినవాళ్లకు మలక్‌పేట రేస్‌కోర్సు పండుగ. తెలియనివాళ్లకు అది టీ స్టాలు, కౌంటర్ల దగ్గర క్యూ, జేబుకు చిల్లు.

ఎండాకాలం సెలవుల్లో పోదామనుకునేవాళ్లు మొదట తేదీల దగ్గరే బోల్తా పడతారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో గుర్రాలు పరిగెత్తవు. అప్పుడు పందేలు బయటి ఊళ్లలో నడుస్తుంటాయి, మే నడిమి నుంచి బెంగళూరు వేసవి సీజన్ మొదలవుతుంది. ఆ రోజుల్లో మలక్‌పేట వెళ్తే స్క్రీన్ మీద బయటి ఊరి రేసులు చూస్తూ పందెం కాయడం తప్ప ఇంకేం ఉండదు. దానికోసం నూట యాభై కిలోమీటర్లు పోవడం దండుగ. ఇక్కడి వానకాలం సీజన్ జూలైలో మొదలై అక్టోబర్ దాకా, చలికాలం సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాగుతాయి. వానకాలం అనే పేరు చూసి గొడుగు ఒక్కటి పట్టుకుపోతే సరిపోదు. సెప్టెంబర్‌లో వాన వెలిసిన మధ్యాహ్నం రెండింటికి ఎండ చురుక్కుమంటుంది, ఉక్కపోత దానికి అదనం. షోకుగా తయారై ఎండలో ఒక రోజు గడపాలన్న సరదా తీరేది ఆ నెలలోనే. పెద్ద పందేల్లో దక్కన్ డెర్బీ ఈ సీజన్ చివర్లో, గోల్కొండ డెర్బీ చలికాలంలో వస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు డెర్బీ రోజును వదిలేసి మామూలు రోజు ఎంచుకోవాలి. జనం తక్కువగా ఉంటే గుర్రం దగ్గరగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో రేసులు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మలక్‌పేటకు వచ్చాయి. ఓరుగల్లు వాళ్లకు గుర్రం విలువ అంతకు ఆరు వందల ఏళ్ల ముందే తెలుసనుకోండి. ఓడలు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పాత రాజులు లాక్కునేవారని, తాను అలా చేయనని గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి శాసనంలో చెక్కించాడు.

ఇక ప్రయాణం. కాజీపేట, వరంగల్ నుంచి రైలే మేలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. మంచిర్యాల, పెద్దపల్లి వైపు వాళ్లకు పొద్దున భాగ్యనగర్ ఉంది. టికెట్ తీసుకునేటప్పుడు ఆ రైలు సికింద్రాబాద్ దాకా వెళ్తుందో, చర్లపల్లిలోనే ఆగిపోతుందో చూడాలి. చర్లపల్లికి మెట్రో లేదు, అక్కడి నుంచి మలక్‌పేటకు ఆటో బేరమాడితే సగం సరదా అక్కడే పోతుంది. సికింద్రాబాద్‌లో దిగాక చాలామంది చేసే తప్పు ఒకటుంది. స్టేషన్‌కు రెండు మెట్రో స్టేషన్లు: ఈస్ట్ నీలం లైను, వెస్ట్ ఆకుపచ్చ లైను. బోర్డు చూడకుండా ఈస్ట్‌లో ఎక్కితే పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి ఆకుపచ్చ లైనుకు ఇంకోసారి మారాలి. వెస్ట్‌లో ఆకుపచ్చ లైను ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, ఎర్ర లైనులో ఎల్బీనగర్ వైపు మారితే మరుసటి స్టేషనే మలక్‌పేట. కరీంనగర్ నుంచి బస్సులో జేబీఎస్‌కు వచ్చేవాళ్లకు ఇంకా సులువు, దిగిన చోటనే ఆకుపచ్చ లైను మొదలు. హనుమకొండ బస్సులో ఉప్పల్‌లో దిగేవాళ్లు అక్కడ మెట్రో జోలికి పోకుండా సిటీ బస్సులో ఎల్బీనగర్ చేరి ఎర్ర లైను ఎక్కాలి, ఆరో స్టేషన్ మలక్‌పేట.

కారులో పోతే కోమళ్ల, గూడూరు టోల్‌గేట్లు రెండూ దాటి ఉప్పల్ దాకా హాయిగానే ఉంటుంది, ఆ తర్వాతే అసలు కథ. మలక్‌పేట రైలు వంతెన కింద గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి, బండ్లు ఆగిపోతాయి. వానకాలం సీజన్‌కు కారు మంచి ఆలోచన కాదు. తిరుగు టికెట్ మాత్రం రాత్రి ఏడున్నర తర్వాతి రైలుకే తీసుకోండి. చివరి రేసు ఆలస్యమైతే మధ్యలో వదిలి పరుగెత్తే పని ఉండదు.

బట్టల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఫొటోలకని తయారై వచ్చి మూడో రేసుకే నీరసపడేవాళ్లు చాలామంది. స్టాండ్లకు కప్పు ఉంటుంది. గుర్రాలను తిప్పే పాడక్ దగ్గర, కంచె దగ్గర నెత్తి మీద ఎండే. పట్టుచీర చెమట మచ్చ పట్టేస్తుంది, పాలిస్టర్ లోపల ఒళ్లు ఉడుకుతుంది. నూలు, లినెన్ రెండే పనికొస్తాయి. సిద్దిపేట గొల్లభామ నూలు చీర ఈ రోజుకు చక్కగా కుదురుతుంది. తేలికగా ఉంటుంది, అంచు మీద చల్లకుండతో నడిచే గొల్లభామ బొమ్మ ఫొటోలో కనబడుతుంది. గంజి మాత్రం పలచగా పెట్టాలి. చిక్కగా పెడితే మెట్లెక్కి దిగే చోట కుచ్చిళ్లు బిర్రుగా నిలబడి కాళ్లకు అడ్డం పడతాయి, చెమటకు నడుము దగ్గర ముద్దవుతాయి. పోచంపల్లి ఇక్కత్ కుర్తా అయితే కొత్తది నేరుగా వేసుకుపోవద్దు. ఒకసారి ఉప్పు నీళ్లలో తడిపి ఆరేస్తే, రంగు వదిలే గుడ్డ అయితే ఇంట్లోనే తెలిసిపోతుంది. వెనక ఉండేది పచ్చిక కాబట్టి ఆకుపచ్చ బట్టలు ఫొటోలో కలిసిపోతాయి. పసుపు, ఇటుక రంగు, నీలం బాగా తేలుతాయి.

నగల్లో కరీంనగర్ వెండి తీగపని కమ్మలకు సాటి లేదు. చూడ్డానికి పెద్దగా ఉన్నా సన్నని తీగ అల్లిక కాబట్టి చెవికి బరువు తెలియదు. రెండు జాగ్రత్తలు కావాలి. సెంటు కొట్టుకున్నాకే పెట్టుకోవాలి, లేకపోతే వెండి నల్లబడుతుంది. తీగ కొసలు ఇక్కత్ దుపట్టా పోగుల్లో చిక్కుకుంటాయి, దుపట్టాను ఒక భుజానికి పిన్ చేసేయాలి. సన్న మడమ చెప్పులు తడి పచ్చికలో దిగబడతాయి. వెడల్పు మడమ గానీ చదును చెప్పులు గానీ మంచిది. టోపీ పెట్టుకోవాలనుకుంటే అంచు మూడు నాలుగు అంగుళాలు దాటనివ్వొద్దు. అంతకన్నా పెద్దదైతే వెనకున్నవాళ్లతో గొడవ, గాలికి ఎగిరితే కంచె అవతల పడుతుంది, తెచ్చుకునే దారి ఉండదు. మగవాళ్లకు కాలర్ ఉన్న చొక్కా, ప్యాంటు, బూట్లు. సభ్యుల స్టాండుకు సభ్యుడి వెంటే వెళ్లాలి. ఇలాంటి క్లబ్బుల్లో నిక్కర్లకు, కాలర్ లేని టీషర్టులకు, రబ్బరు చెప్పులకు గేటు దగ్గరే చుక్కెదురు.

సంచిలో నీళ్ల సీసా, సన్న రెయిన్‌కోటు, పెన్ను, పది, ఇరవై రూపాయల నోట్లు, వీలైతే దూరదర్శిని. దూరదర్శిని 8×30 సరిపోతుంది. పది రెట్లు పెంచి చూపేది కొంటే చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, పరిగెత్తే గుర్రాన్ని పట్టుకోలేరు. ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి రైల్లోనే తినేయండి. బయటి తిండిని గేటు దగ్గర ఆపితే పంచిపెట్టాల్సి వస్తుంది.

లోపలికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని రేస్ బుక్ కొనడం. కొందరు దాన్ని లాటరీ పుస్తకంలా చూసి నచ్చిన పేరు మీద వేలు పెడతారు. అందులో చదవాల్సినవి ఐదారు అంకెలే. గుర్రం వయసు (మన దేశంలో ఏ నెలలో పుట్టినా జనవరి 1కే ఒక ఏడు పెరుగుతుంది), మోసే బరువు కిలోల్లో, రేటింగ్ (గుర్రం సత్తాకు వేసే మార్కు), గేటు నంబరు (పరుగు మొదలుపెట్టే గడి), గత పరుగుల్లో వచ్చిన స్థానాలు, ఆ పరుగుల దూరం. హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రానికి ఎక్కువ బరువు ఎక్కిస్తారు, రేటింగ్‌లో ఒక పాయింటుకు అర కిలో చొప్పున. బరువంటే జాకీ, జీను కలిపి. తక్కువైతే జీను కింద సీసం పలకలు పెడతారు. 1800 మీటర్లలో గెలిచిన గుర్రం 1100లో దిగితే గత స్థానం చూసి మురిసిపోవద్దు. పొట్టి దూరంలో గేటు నంబరు, మొదటి అడుగు వేగం ఎక్కువ పని చేస్తాయి. వాన పడ్డ రోజు నేల ఎంత మెత్తగా ఉందో తెలిపే పెనెట్రోమీటర్ అంకె కూడా ప్రకటిస్తారు. తడి నేల మీద ముందు పరిగెత్తే గుర్రానికి ఒక లాభముంది, వెనకవాళ్ల ముఖాన కొట్టే మట్టి దానికి తగలదు.

ఇక పాడక్. రోజంతటిలో దీనికే ఐదుకు ఐదు మార్కులు. పందేనికి ముందు గుర్రాలను సయీసులు (వాటిని సాకేవాళ్లు) కళ్లెం పట్టుకుని గుండ్రంగా నడిపిస్తారు, తర్వాత జాకీలు ఎక్కుతారు. ఐదు వందల కిలోల దాకా బరువుండే జంతువు మీకు నాలుగు గజాల దూరంలో నడుస్తుంది. చాలామంది ఆ సమయంలో కౌంటర్ దగ్గర క్యూలో ఉంటారు, అది వాళ్ల నష్టం. చూడాల్సింది నడక. వెనక కాలు గిట్ట ముందు కాలు వదిలిన అచ్చును దాటి పడుతుంటే నడక వదులుగా, సాఫీగా ఉన్నట్టు. మెడ కాస్త కిందికి దించి, చెవులు అటూ ఇటూ కదిలిస్తూ నడిచే గుర్రం ప్రశాంతంగా ఉన్నట్టు. మెడ మీద చెమట ఉక్కపోతలో అన్నిటికీ పడుతుంది, దానికి భయపడాల్సిన పని లేదు. వెనక కాళ్ల సందున తెల్ల నురగ పట్టి, తోక ఊరికే విసురుతూ, పక్కకు పక్కకు జరిగే గుర్రం పరుగు మొదలవకముందే బలం ఖర్చు చేస్తున్నట్టు. చర్మం నిగనిగలాడాలి. పక్కటెముకలు లీలగా కనిపించడం మంచిదే, పొట్ట మరీ లోపలికి లాక్కుపోతే మంచిది కాదు. ఇద్దరు సయీసులు అటొకరు ఇటొకరు పట్టుకున్నారంటే మొండి ఘటమన్నమాట. గుర్రాన్ని ఒంటరిగా కాకుండా ఆ రేసులోని మిగతావాటితో పోల్చి చూడండి, ఎండ అన్నిటికీ ఒకటే కదా. ఫ్లాష్ వెలిగించొద్దు, గుర్రాల దగ్గర గొడుగు టప్పున తెరవొద్దు.

పైసల సంగతి సూటిగా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు 28 ఉండేది. పన్ను పడేది లాభం మీద కాదు, పందెం సొమ్ము మొత్తం మీద. వంద పందానికి పన్ను కలిపి 140 ఇచ్చారనుకోండి, 2/5 ధర (ఐదు కాస్తే రెండు లాభం) ఉన్న ఫేవరెట్, అంటే అందరూ గెలుస్తుందనుకునే గుర్రం, గెలిచినా చేతికి వచ్చేది 140 మాత్రమే. గెలిచి కూడా మిగిలింది సున్నా. అందరి సొమ్మూ కలిపి పంచే టోట్‌లో పది రూపాయల టికెట్‌కు 14 రూపాయల డివిడెండ్ (చెల్లింపు) వచ్చినా అదే తంతు. అందుకే 'గ్యారంటీ గుర్రం' అని చెవిలో ఊదేవాళ్ల మాట వింటే గెలుపులోనూ నష్టమే. ఒకేసారి పదివేలు దాటిన గెలుపు మీద 30 శాతం పట్టుకునే ఇస్తారు, పాన్ కార్డు కావాలి. మిగతా రేసుల్లో పోగొట్టుకున్నది ఆ గెలుపులోంచి తీసేసి పన్ను లెక్క కట్టడం కుదరదు.

టోట్‌కూ బుకీకీ తేడా తెలియక చాలామంది గందరగోళపడతారు. బుకీ దగ్గర పందెం కాసిన క్షణంలో బోర్డు మీదున్న ధరే మీది. టోట్‌లో అందరి సొమ్మూ ఒక కుండలో పడి, కోతలు పోను గెలిచినవాళ్లు పంచుకుంటారు, రేసు మొదలయ్యేదాకా ధర మారుతూనే ఉంటుంది. కొత్తవాళ్లకు విన్ (గుర్రం మొదట రావాలి), ప్లేస్ (మొదటి కొన్ని స్థానాల్లో వస్తే చాలు) రెండే చాలు. సెకండ్ హార్స్ పూల్ అనేది అచ్చంగా రెండో స్థానానికి. ఆ గుర్రం గెలిస్తే మీ టికెట్ చెల్లదు, ఇది తెలియక కౌంటర్ దగ్గర వాదులాడేవాళ్లు ఎక్కువ. ఎనిమిది గుర్రాల పందెంలో మొదటి రెండిటినీ ఏ వరుసలోనైనా చెప్పే క్వినెల్లాకు 28 జోడీలు, వరుస తప్పకుండా చెప్పే ఫోర్‌కాస్ట్‌కు 56, మొదటి మూడూ వరుసగా చెప్పే టనాలాకు 336. జాక్‌పాట్ అంటే వరుసగా ఐదు రేసుల విజేతలు. ఒక్కో రేసుకు రెండేసి గుర్రాలు పెట్టుకుంటే 32 కలయికలు, పది రూపాయల చొప్పున 320, పన్నుతో 448. నలుగురు దోస్తులు కలిసి వేసుకుంటే మనిషికి 112. మూడో రేసుకే పోయినా ఆ మాత్రం నవ్వుకోవడానికి ఖర్చు తగినదే. సొంతంగా ఆడేవాళ్లు ఐదు వందలు పక్కన పెట్టుకోండి. 50 చొప్పున ఏడు పందేలు, పన్నుతో 490. అవి అయిపోతే కార్డు జేబులోంచి తీయొద్దు.

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తేల్చింది. ఆ మాట పట్టుకుని ఏ ఫోన్ యాప్‌లో పడితే అందులో గానీ, గల్లీ బుకీ దగ్గర గానీ కాయడం కుదరదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పైసల ఆటలను నిషేధించింది. వాట్సాప్‌లో 'ఫిక్స్ రేసు' అమ్మేవాళ్లు అమ్మేది మీ ఆశనే. పద్దెనిమిది నిండనివాళ్లు పందెం కాయకూడదు.

రేసు ఎక్కడి నుంచి చూడాలన్నది ఇంకో ప్రశ్న. మొదటి రెండు రేసులు స్టాండు పై వరుసల్లోంచి చూడండి. ఎవరు ముందు పోతున్నారు, ఎవరు లోపలి కంచె పక్కన ఇరుక్కున్నారు, మలుపులో ఎవరు బయటికి వచ్చారు, అంతా అక్కడి నుంచే అర్థమవుతుంది. మూడోదానికి కిందికి దిగి, గెలుపు స్తంభానికి ఒక ఫర్లాంగు ముందు కంచె దగ్గర నిలబడండి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో గుంపు వస్తుంటే నేల అదురుతుంది, జాకీల కేకలు వినిపిస్తాయి, రెండు మూడు సెకన్లలో మీ ముందు నుంచి పోతుంది. ఎవరు గెలిచారో మాత్రం అక్కడి నుంచి తెలియదు. తెలుసుకోవాలంటే తెర చూడాలి. మెడ, తల, ముక్కు అంటూ చెప్పే తేడాలు కెమెరా తేల్చేవే.

టికెట్ చింపడానికి తొందరపడొద్దు. రేసు అయ్యాక జాకీలు జీనుతో సహా మళ్లీ తూకం ఎక్కుతారు. దారికి అడ్డం వచ్చాడని ఇంకో జాకీ ఫిర్యాదు చేయొచ్చు, పందేలను పర్యవేక్షించే స్టీవార్డులు విచారించి స్థానాలు మార్చొచ్చు. ఫలితం ఖాయమని ప్రకటించాకే చెత్తబుట్ట. గెలిచిన టికెట్‌ను మడవకుండా, తడవకుండా ఉంచి, ఆ రోజే మార్చుకోవాలి. నలిగిన కాగితాన్ని యంత్రం చదవకపోతే మీరు లైను బయట నిలబడాలి.

తిండి మీద ఆశలు తక్కువ పెట్టుకోండి, టీ, బజ్జీలు, చల్లటి సోడా చాలు. ఆకలి ఉంచుకుని సాయంత్రం బయటికొచ్చాక మలక్‌పేట ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్‌తో మొదలుపెడితే రోజు రుచి నిలుస్తుంది. చివరి రేసుకు ముందే జాకీ ఎక్కిన గుర్రాలు పాడక్ దాటి పోతుంటాయి చూడండి, అప్పుడే మెట్రో వైపు కదిలితే పెట్టెలో నిలబడే చోటు దొరుకుతుంది. ఆ ఒక్క రేసు కూడా చూస్తామంటే, ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనుకు మారేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకునేంత తొక్కిడికి సిద్ధపడండి.